కూర్మయ్య ఇంకా దిగలేదు

జిల్లా శ్రామిక భద్రతా భవనం నాలుగో అంతస్తు మీద నుంచి కూర్మయ్య పడిపోయింది మంగళవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు. పడినట్టు అతనికి తెలుసు. అతనితో పని చేస్తున్న పదిహేను మందికీ తెలుసు. అతను నడుము దాకా కూరుకుపోయిన ఇసక గుట్టకూ తెలుసు. తెలియనిదల్లా భద్రతా శాఖకే.

కూర్మయ్యది శ్రీకాకుళం వైపు పల్లె. ఇరవై రెండేళ్లుగా సెంట్రింగ్ పని చేస్తున్నాడు. శ్లాబు పోసే ముందు దాని కింద కర్రలూ రేకులూ నిలబెట్టే పని అది. అంటే, తను నిలబడటానికి ఏమీ లేని చోట నిలబడి, శ్లాబు నిలబడటానికి ఏర్పాట్లు చేయటం. నెల్లాళ్లుగా అతను సైటు ఇంజనీరు ఉమాపతిని ఒకటే అడుగుతున్నాడు.

"బాబూ, ఆ సివర్న రెండు కర్రలు అడ్డంగా కట్టించీయండి. నేపోతే నడుముకి ఓ తాడైనా ఇప్పించండి."

తాళ్లు లేక కాదు. పన్నెండు కొత్త సేఫ్టీ బెల్టులు ఆఫీసు గదిలో అద్దాల బీరువాలో వేలాడుతూనే ఉన్నాయి. తనిఖీకి వచ్చినవాళ్లకు చూపించాలి కనుక వాటిని ఎవరూ కట్టుకోకూడదు. కట్టుకుంటే మాసిపోతాయి. మాసిన బెల్టు చూస్తే అధికారులకు భద్రత మీద నమ్మకం పోతుంది. పచ్చటి వల కూడా ఉంది. దాన్ని గేటు వైపు కట్టారు. అధికారులు వచ్చేది ఆ వైపు నుంచే. కూర్మయ్య మాత్రం వెనక వైపు పడ్డాడు.

ఆ ఏడాది పై నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఎవరో పెద్దలు రాష్ట్రంలోని ప్రమాదాలన్నిటినీ పరిశీలించి, పడిపోతున్నవాళ్లందరూ అంతకు ముందు పైకెక్కినవాళ్లేనని కనిపెట్టారు. కనుక ఎక్కడాన్నీ దిగడాన్నీ అదుపులో పెడితే పడటం దానంతటదే తగ్గిపోతుందని తేల్చారు. మెట్ల మొదట్లో ఆరోహణ పుస్తకం, పై అంతస్తులో అవరోహణ పుస్తకం పెట్టారు. ఎక్కేవాడు ఎక్కే ముందు కింద వేలిముద్ర వేయాలి. దిగేవాడు దిగే ముందు పైన వేయాలి. పై పుస్తకం గాలికి ఎగిరి పడిపోకుండా దాన్ని స్తంభానికి ఇనుప గొలుసుతో కట్టారు. నాలుగో అంతస్తులో దేనికైనా కట్టి ఉన్నది అదొక్కటే.

పడిపోయేటప్పుడు ఆ పుస్తకం దాకా వెళ్లి వేలిముద్ర వేసే తీరిక కూర్మయ్యకు దొరకలేదు.

తనిఖీ అధికారి చిదానందం గారు సరిగ్గా అప్పుడే ఆకస్మిక తనిఖీకి వచ్చారు. ఆకస్మికంగా వస్తున్నట్టు ఎనిమిది రోజుల ముందే ఉత్తరం రాశారు కనుక ఉమాపతి గేటు దగ్గర కొబ్బరి బొండాలతో సిద్ధంగా ఉన్నాడు. వెనక నుంచి కేకలు వినిపించి ఇద్దరూ పరుగెత్తారు. నలుగురు పనివాళ్లు ఇసకలోంచి కూర్మయ్యను తవ్వి తీస్తున్నారు. కుడికాలు మోకాలి కింద ఉండకూడని వైపుకు తిరిగి ఉంది.

"ఏం జరిగింది?" అన్నారు చిదానందం గారు.

"పడిపోనాను బాబూ" అన్నాడు కూర్మయ్య పళ్లు బిగబట్టి.

చిదానందం గారు చెడ్డ మనిషి కాదు. ఇరవై ఏళ్ల సర్వీసులో కాగితం చూడనిదే దేన్నీ నమ్మలేదు, అంతే. ఆరోహణ పుస్తకం తెప్పించి చూశారు. ఉదయం ఎనిమిది గంటల అయిదు నిమిషాలకు కూర్మయ్య వేలిముద్ర ఉంది. అటెండరును నాలుగో అంతస్తుకు పంపారు. అవరోహణ పుస్తకంలో కూర్మయ్య పేరే లేదని అతను పై నుంచి అరిచాడు.

"నువ్వు పైనున్నావు" అన్నారు చిదానందం గారు.

"ఇక్కడే ఉన్నాను గదా బాబూ, ఇసకలో!"

"అది నీ అభిప్రాయం. రికార్డు ప్రకారం సదరు కూర్మయ్య నాలుగో అంతస్తులో విధి నిర్వహణలో ఉన్నాడు. నువ్వెవరో మాకు తెలియదు. నిర్మాణ స్థలంలో హెల్మెట్టు లేకుండా పడుకున్నందుకు నీ మీద విడిగా చర్య తీసుకోవలసి వస్తుంది."

ఉమాపతి మొహం వికసించింది. గేటు దగ్గర 'ప్రమాదం లేని రోజులు' అన్న బోర్డు మీద నూట తొంభై తొమ్మిది అంకె ఉంది. మరునాడు దాన్ని రెండు వందలు చేసి ఫొటో తీయించాలని అతని ఆశ.

"అవునండీ, కూర్మయ్య పైనే ఉన్నాడండీ" అన్నాడు. "మంచి పనివాడండీ. పిలిచినా దిగడండీ."

తోటివాళ్లు కూర్మయ్యను ఒక సెంట్రింగ్ చెక్క మీద పడుకోబెట్టి కార్మికుల ఆసుపత్రికి మోసుకుపోయారు. అక్కడి గుమాస్తా ఫారం తీసి, పని స్థలం విడిచిన సమయం అన్న గడి దగ్గర ఆగి, సైటుకు ఫోన్ చేశాడు. ఫోన్ పెట్టేసి కూర్మయ్యను ఎగాదిగా చూశాడు.

"నువ్వు డ్యూటీలో ఉన్నావట కదా. డ్యూటీలో ఉన్నవాణ్ని ఎలా చేర్చుకోమంటావు?"

లోపలి నుంచి వచ్చిన డాక్టరమ్మకు అంత ఓపిక లేదు. "మనిషి ఎక్కడున్నా కాలు నా ముందుంది" అని కట్టు కట్టేసింది. పేరు రాయటానికి గుమాస్తా ఒప్పుకోలేదు కనుక, కేసు కాగితంలో 'ఒక కుడికాలు, మగ, సుమారు నలభై అయిదేళ్లు' అని రాసింది. రెండు నెలలు కాలు కింద పెట్టవద్దంది. సెలవు చీటీ మాత్రం రాలేదు. ఒక్క కాలికి విడిగా సెలవిచ్చే పద్ధతి ఆ ఆసుపత్రిలో లేదు.

ఇంట్లో మంచం మీద పడుకుని కూర్మయ్య రెండు రోజులు ఇంటికప్పు కేసి చూస్తూ గడిపాడు. మూడో రోజు అతని కళ్లలో నీళ్లు చూసి భార్య పైడమ్మ దగ్గరికి వచ్చింది.

"నొప్పెడతందా?"

"నొప్పికి కాదే. అంత ఎత్తు నుంచి పడ్డాను. సచ్చిపోనాననే అనుకున్నాను. ఆ పిసరంత సేపులోన నువ్వూ పిల్లా ఇద్దరూ కళ్ల ముందల కనబడీసినారు. అంత జరిగితే, నువ్వు పడనే నేదంతన్నారు. పడ్డానని సెప్పుకోడానికి కూడా నాకు అధికారం నేదేటే?"

పైడమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. ఆమె ఒక వీధిలో కేక వేస్తే పక్క వీధిలో గిన్నెలు పట్టుకుని వస్తారు. ఆ గొంతుతోనే అంది. "నువ్వు పడ్డావు. నాను సెప్తన్నాను. ఎవుడు కాదంతాడో నా ముందల కొచ్చి అనమను."

సైటులో మాత్రం కూర్మయ్య నిక్షేపంగా ఉన్నాడు. ఎత్తులో పన్నెండు గంటలకు మించి ఉన్న కార్మికుడికి ఆహారం, మంచినీళ్లు అందించాలని పదకొండో నిబంధన. వాచ్‌మన్ రోజూ రెండు పూటలా కంచం తీసుకెళ్లి మెట్ల చివర పెట్టి వచ్చేవాడు. మర్నాటికి కంచం ఖాళీ. పైన కాకులు బాగా తిరుగుతాయి. చిదానందం గారి ఫైల్లో రోజుకో ముక్క చేరేది. 'కార్మికుడు ఆరోగ్యంగా ఉన్నాడు. పప్పు, చేప తిన్నాడు. వంకాయ ముట్టలేదు.'

పన్నెండో రోజున ఉమాపతికి పద్నాలుగో నిబంధన అడ్డొచ్చింది. దిగినట్టు తేలని కార్మికుడున్న అంతస్తులో శ్లాబు పోయరాదు. కొత్తవారు ఎక్కరాదు. భవనం ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టేశారు. ఆహ్వాన పత్రికలు అచ్చయిపోయాయి. పైన శ్లాబు లేదు, దాని మీద ఎక్కించాల్సిన నీళ్ల ట్యాంకు కింద గడ్డిలో పడి ఉంది.

ఉమాపతి అరడజను బత్తాయిలు పట్టుకుని కూర్మయ్య ఇంటికి వచ్చాడు.

"కూర్మయ్యా, నీకు దణ్ణం పెడతాను. ఒక్కసారి దిగిపోవయ్యా."

"ఎక్కడికి దిగీమంతారు బాబూ? మంచమ్మీద నుంచా?"

"నాతో రా. చిదానందం గారిని అడుగుదాం."

ఆటోలో కాలు చాపుకుని కూర్మయ్య, పక్కన పైడమ్మ, ముందు ఉమాపతి. ఆఫీసులో చిదానందం గారు అంతా శ్రద్ధగా విన్నారు.

"పరిష్కారం లేకపోలేదు" అన్నారు. "ఇతడు పైకెక్కి అవరోహణ పుస్తకంలో వేలిముద్ర వేసి దిగిరావచ్చు."

"కాలు ఇరిగింది గదా బాబూ" అంది పైడమ్మ.

"అదొకటి. కాలు విరిగినవారికి ఎత్తులో పనిచేసే అర్హతా పత్రం ఇవ్వరాదు. అంతకన్నా పెద్ద ఇబ్బంది మరొకటుంది. ఎక్కాలంటే ఆరోహణ పుస్తకంలో మళ్లీ వేలిముద్ర వేయాలి. అప్పుడు పైన ఇద్దరు కూర్మయ్యలు ఉంటారు. ఒక ముద్రకు ఒకడే దిగుతాడు. రెండోవాడి సంగతేమిటి?"



"పోనీ పుస్తకాన్నే కిందికి తెప్పిస్తే?" అన్నాడు ఉమాపతి.

"పై అంతస్తు రికార్డు పై అంతస్తులోనే ఉండవలెనని ఉంది. పరికరాలను మాత్రం తాడుతో పైకి పంపవచ్చు." చిదానందం గారు కూర్మయ్య బొటనవేలి వైపు కాసేపు ఆలోచనగా చూశారు. పైడమ్మ మొగుడి చేతిని చటుక్కున కొంగు కింద దాచేసింది.

చివరికి విషయం జాయింట్ డైరెక్టరు గారి దాకా వెళ్లింది. ఆయన తననూ, చిదానందం గారినీ, మరో ఇంజనీరునూ కలిపి త్రిసభ్య సంఘాన్ని వేశారు. కార్మికుడు ఏ కారణం చేతనో కిందికి రావటానికి నిరాకరిస్తున్నాడనీ, ముందు నచ్చజెప్పి చూడాలనీ సంఘం నిర్ణయించింది. ఇరవయ్యో రోజు ఉదయం సైటులో మైకు పెట్టారు. ఒక అంబులెన్సు, ఇద్దరు విలేకరులు కూడా వచ్చారు. కూర్మయ్య తన కోసం జరుగుతున్న ప్రయత్నాన్ని చూడటానికి కాలు స్టూలు మీద పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు.

జాయింట్ డైరెక్టరు గారు మైకు అందుకున్నారు. "కూర్మయ్యా! శాఖ నీ శ్రేయస్సును కోరుతోంది. నీ సమస్యలు ఏవైనా ఉన్నచో లిఖితపూర్వకంగా తెలియజేయుము. దిగిరమ్ము!"

"సిత్తం బాబూ" అన్నాడు కూర్మయ్య కుర్చీలోంచి.

"మధ్యలో మాట్లాడవద్దు" అని అటెండరు కసిరాడు.

పై నుంచి జవాబు రాలేదు. భార్య చెబితే వింటాడని మైకు పైడమ్మకు ఇచ్చారు. ఆమెకు మైకు అక్కర్లేదు. అయినా పట్టుకుంది.

"బాబూ, పైనున్నోడు వంకాయ తినడం నేదని మీరే రాసుకున్నారట. మా ఆయనకి వంకాయంటే పేణం. పైనున్నోడు మా ఆయన కాడు. మా ఆయన ఈయనే. పైన ఎవుడైనా ఉంటే ఆడు మీకేటవుతాడో మీరే సూసుకోండి!"

విలేకరులు రాసుకున్నారు. జాయింట్ డైరెక్టరు గారు మైకు లాక్కుని, "అమ్మా, ఆవేశపడకండి. అయితే పైనున్నది ఎవరు? ఇది మరింత తీవ్రమైన విషయం" అన్నారు. సంఘం స్వయంగా పైకి వెళ్లి చూడాలని అక్కడికక్కడే తీర్మానించారు.

సంఘం ఎక్కుతోంది కనుక అద్దాల బీరువా తెరిచారు. ముగ్గురూ కొత్త బెల్టులు బిగించుకున్నారు. బెల్టు కొక్కెం దేనికి తగిలించాలన్నది ఎవరికీ తెలియలేదు. పైన అలాంటి ఏర్పాటేదీ లేదు. జాయింట్ డైరెక్టరు గారు కాసేపు ఆలోచించి, "సమష్టి బాధ్యత" అన్నారు. ముగ్గురూ కొక్కేలు ఒకరికొకరు తగిలించుకుని, ఆరోహణ పుస్తకంలో సంతకాలు పెట్టి, వరసగా మెట్లెక్కారు.

ఎక్కేటప్పుడు కళ్లు పై మెట్టు మీద ఉంటాయి. నాలుగో అంతస్తు చేరి వెనక్కి తిరిగాక గాని వాళ్లకు తెలియలేదు, ఆ మెట్లకు ఒక పక్క గోడే లేదని. అంతస్తు చుట్టూ కూడా ఏమీ లేదు. గాలి. దూరంగా కింద చేతిగుడ్డంత ఇసక గుట్ట. జాయింట్ డైరెక్టరు గారు చతికిలబడ్డారు. బెల్టులు కలిసి ఉన్నాయి కనుక మిగతా ఇద్దరూ చతికిలబడ్డారు.

"ఏమయ్యా ఉమాపతీ!" అని జాయింట్ డైరెక్టరు గారి కేక పై నుంచి వణుకుతూ వచ్చింది. "ఇక్కడ అడ్డుగా ఏమీ లేదేమిటయ్యా! మనుషులు పడిపోరూ!"

కింద ఉన్న పదిహేను మంది సెంట్రింగ్ వాళ్లూ ఒకేసారి ఉమాపతి వైపు చూశారు. ఉమాపతి బోర్డు వైపు చూశాడు.

కూర్మయ్యకు మొదట నవ్వొచ్చింది. కడుపు నిండా నవ్వుకోవాలనే అనుకున్నాడు. కాని పైన చిదానందం గారు లేవబోయి, పట్టుకోవటానికి చెయ్యి చాపి, ఏమీ అందక మళ్లీ కూలబడటం కనిపించింది. అలా గాలిలో చెయ్యి చాపటం కూర్మయ్య ఎరుగును. కాలు జారే ముందు చెయ్యి దేని కోసం వెతుకుతుందో ఆ గుంపులో తెలిసినవాడు అతనొక్కడే. అతని నవ్వు ఆగిపోయింది.

"కిందికి సూడకండి బాబూ!" అని అరిచాడు. "స్తంభం కేసి సూడండి! నెగవొద్దు, అలాగే కూకోండి! మనోళ్లు ఒచ్చెస్తారు!" తోటివాళ్ల వైపు తిరిగాడు. "ఒరే, ముందు మెట్ల పక్క కట్టండి. సరుగుడు కర్రలు రెండు వరసలు, నడుమంత ఎత్తులోన ఒకటి, మోకాలు దగ్గిర ఒకటి. తరవాత సివర్లు. నడుముకి బెల్టులెట్టుకుని స్తంభానికి తగిలించుకోండి. బీరువా తెరిసే ఉంది!"

నలభై నిమిషాల్లో మెట్లకూ నాలుగో అంతస్తు చుట్టూ అడ్డుకర్రలు వచ్చేశాయి. నెల్లాళ్లు అడిగిన పని అది. త్రిసభ్య సంఘం కూర్చునే, ఒక్కో మెట్టూ జారుతూ, కర్ర పట్టుకుని కిందికి వచ్చింది. చిదానందం గారు నేల మీద కాలు పెట్టగానే నేరుగా కూర్మయ్య దగ్గరికి వెళ్లారు. ఏదో అనబోయారు. సర్వీసులో అలాంటి మాట ఎప్పుడూ వాడి ఉండలేదేమో, దానికి బదులు తన కోసం కొట్టి ఉంచిన కొబ్బరి బొండం అతని చేతికిచ్చి కారెక్కారు.

ఆ హడావిడిలో అవరోహణ పుస్తకంలో ముగ్గురిలో ఒక్కరూ సంతకం పెట్టలేదు.

మర్నాడు ఉదయం జాయింట్ డైరెక్టరు గారు ఆఫీసుకు వెళ్లేసరికి ఆయన కుర్చీలో వేరొకరున్నారు. పై అధికారి ఎత్తైన ప్రదేశంలో ఉండిపోయినప్పుడు కింది అధికారి ఇన్‌చార్జిగా కూర్చోవాలని నిబంధన. ఆయన ఎంత వాదించినా ఇన్‌చార్జి గారు లేచి నిలబడి చేతులు కట్టుకుని, "తమరు పైనున్నారండి. దిగిన వెంటనే కబురు చేయండి, ఖాళీ చేసేస్తాను" అంటాడే తప్ప కదల్లేదు.

కూర్మయ్య విషయంలో ఇరవై రోజుల్లో కదలని శాఖ ఆ మధ్యాహ్నమే కదిలింది. సాయంత్రానికి కొత్త సర్క్యులర్ వచ్చింది. 'పై విషయమై తెలియజేయునది ఏమనగా, కింద కనిపించినవారు కిందనే ఉన్నట్లు భావించవలెను. ఇది నిన్నటి ఉదయము నుండి అమలులోకి వచ్చును. అంతకు ముందు ఎక్కినవారికి పాత నిబంధనలే వర్తించును.'

ముగ్గురు అధికారులూ కిందికి దిగారు. కూర్మయ్య పైనే ఉండిపోయాడు.

ఈసారి చిదానందం గారే దారి చూశారు. సంఘం నివేదికలో, 'కార్మికుడు స్తంభం పక్కన, పనికి అడ్డం రాకుండా కూర్చుని ఉన్నాడు' అని రాశారు. అడ్డం లేడు కనుక శ్లాబు పోశారు. ప్రారంభోత్సవం నెల రోజులు వాయిదా వేసి, ట్యాంకు పైకెక్కించారు. 'కాలు అతుక్కున్నాక నువ్వే వచ్చి మర్యాదగా దిగు' అని కూర్మయ్యకు కబురు పంపారు.

అరవై ఎనిమిదో రోజున కూర్మయ్య వచ్చాడు. కొంచెం కుంటుతున్నాడు. వాచ్‌మన్ అలవాటుగా ఆరోహణ పుస్తకం ముందుకు తోశాడు.

"ఇదేటి?" అన్నాడు కూర్మయ్య. "పైనున్నోడు మళ్లీ ఎక్కడమేటి?"

వాచ్‌మన్ ఆలోచించాడు. నిజమే. పుస్తకం మూసేశాడు.

కూర్మయ్య ఒక్కో మెట్టే ఎక్కి, తను పడిన చోటికి వెళ్లి నిలబడ్డాడు. అడ్డుకర్రల చోట ఇప్పుడు ఇనుప కడ్డీలు పెట్టారు. రెండు చేతులతో కడ్డీ గట్టిగా పట్టుకుని ఊపి చూశాడు. కదల్లేదు. తరవాత గొలుసు పుస్తకంలో వేలిముద్ర వేసి, కిందికి దిగి, ఇంటికి వెళ్లి, ఆ రాత్రి చాలా రోజుల తరవాత ఒళ్లెరగకుండా నిద్రపోయాడు.

ప్రారంభోత్సవం రోజున పుస్తకాలన్నీ పరిశీలించిన శాఖ ఒక విశేషం గమనించింది. కూర్మయ్య అనే కార్మికుడు అరవై ఎనిమిది రోజులు ఏకధాటిగా నాలుగో అంతస్తులో ఉండి, ఒక్కసారి కూడా పడకుండా క్షేమంగా దిగాడు. రాష్ట్రంలో అలాంటివాడు మరొకడు లేడు. వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. 'ఎన్నడూ పడని కార్మికుడు' అని పెద్ద అక్షరాలతో అద్దం బిగించిన ప్రశంసాపత్రం చేతిలో పెట్టారు. రెండు మాటలు చెప్పమన్నారు.

"పడిపోనాను బాబూ" అన్నాడు కూర్మయ్య మైకులో.

అతని వినయానికి అందరూ చప్పట్లు కొట్టారు.

వారం తరవాత కూర్మయ్య ఊరి అవతల అయిదంతస్తుల కొత్త సైటులో పనికి కుదిరాడు. పొద్దున్నే మెట్ల దగ్గర నిలబడి బెల్టు ఇమ్మని సూపర్‌వైజరును అడిగాడు. సూపర్‌వైజరు అతని పేరు విన్నవాడే. నవ్వాడు.

"నీకెందుకు కూర్మయ్యా బెల్టు? నువ్వు పడవని గవర్నమెంటే కాగితమిచ్చింది కదా!"

కూర్మయ్య ఇంటికి కబురు చేశాడు. పైడమ్మ చేపల తట్ట పక్కన పెట్టి, ప్రశంసాపత్రం చంకలో పెట్టుకుని వచ్చింది. కూర్మయ్య దాన్ని అందుకుని, తువ్వాలుతో అద్దం తుడిచి, సూపర్‌వైజరు చేతిలో పెట్టాడు.

"పడనిది ఇదీ బాబూ. దీన్ని ఎక్కించీయండి, పని సేస్తాది. నాను పడే మనిషిని. ఇక్కడ కూకుంతాను."

అని ఇసక గుట్ట మీద కూర్చుని చుట్ట ముట్టించాడు. పక్కనే పైడమ్మ కూర్చుంది. మిగతా పనివాళ్లు చూశారు. ఒకడొచ్చి కూర్చున్నాడు. తరవాత ఇంకొకడు. చుట్ట సగం కాలేసరికి ఇసక గుట్ట మీద చోటు లేదు.

సూపర్‌వైజరు ప్రశంసాపత్రం వైపు చూశాడు, ఖాళీ పరంజా వైపు చూశాడు. తరవాత బెల్టులున్న బీరువా తాళంచెవి వెతకటానికి వెళ్లాడు.